అమ్మ రాసిన అంకె

(జాతీయ సైన్సు దినం నాడు, కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల సభలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



ఈ రోజు ఫిబ్రవరి 28. మన దేశంలో ఈ రోజును సైన్సు దినంగా జరుపుకుంటాం. 1928లో ఇదే తేదీన సి.వి. రామన్ గారు కలకత్తాలో వెలుగు గురించి ఒక కొత్త సంగతి కనిపెట్టారు. దానికి 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన గుర్తుగా 1987 నుంచి ఏటా ఈ దినం జరుపుతున్నారు. బళ్లలో పిల్లలు సైన్సు ప్రదర్శనలు పెడతారు. మీలో చాలామంది పిల్లలు కూడా ఈ వారం అట్టలు, చార్టులు పట్టుకుని తిరుగుతూ ఉంటారు.

సైన్సు అనగానే మనం ఏమనుకుంటాం? అది చదువుకున్నవాళ్ల పని, మనకెందుకులే అనుకుంటాం. నేను ఈ రోజు పెద్ద సైన్సు పాఠం చెప్పను. నా కథ ఒకటి చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో సైన్సు ప్రదర్శనకు ఒక ప్రయోగం చేశాను. అందులో సగం పని మా అమ్మ చేసింది. అప్పటికి మా అమ్మ చదువు నేర్చుకుని ఏడాది కూడా కాలేదు.

ప్రశ్న ఎక్కడ దొరికింది?

అది 2016వ సంవత్సరం. మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరు. మా అమ్మ కూలికి పోయేది. పొద్దున్నే పోతే మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి చేరేది. సాయంత్రం పూట వయోజన విద్యా కేంద్రానికి పోయేది. 2009లో మొదలైన సాక్షర భారత్ కార్యక్రమం కింద మా పంచాయతీలో ఆ కేంద్రం నడిచేది. అమ్మ అక్కడ అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. సంతకం పెట్టడం నేర్చుకుంది.

జనవరి చివర్లో మా సైన్సు సారు క్లాసులో చెప్పారు. "వచ్చే నెల ప్రదర్శన ఉంది. ఎవరికి వాళ్లు ఒక ప్రయోగం చేసి తీసుకురావాలి" అన్నారు. నా పక్క పిల్లలు అప్పుడే లెక్కలు వేసుకున్నారు. ఒకరు చిన్న మోటారు కొంటామన్నారు. ఒకరు బల్బులు, థర్మోకోల్ అట్టలు కొంటామన్నారు. నాకు గుబులు పుట్టింది. మా ఇంట్లో డబ్బు సంగతి నాకు తెలుసు.

ఇంటికి వచ్చి మూల కూర్చున్నాను. అమ్మ పని నుంచి వచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. "ఏం పాపా, అట్లా కూర్చున్నావు?" అని అడిగింది. సంగతి చెప్పాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. "డబ్బులు పెట్టి కొంటేనే సైన్సా? నాకు చిన్నప్పటి నుంచి ఒక అనుమానం ఉంది. స్టీలు బిందెలో నీళ్లు వెచ్చబడతాయి. పక్కనే ఉన్న కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. పోసింది ఒకే నీళ్లు కదా! ఎందుకట్లా? మీ సారును అడుగు" అంది.

మర్నాడు సారును అడిగాను. సారు సంతోషించారు. "మంచి ప్రశ్న. జవాబు నేను చెప్పను. నువ్వే కొలిచి చూడు" అన్నారు. బడి నుంచి ఒక థర్మామీటరు ఇచ్చారు. అది జ్వరం చూసేది కాదు. సున్నా నుంచి నూరు డిగ్రీలు దాటేదాకా గీతలు ఉన్న పొడవాటి గాజు గొట్టం. "పగిలితే కొనివ్వాలి, జాగ్రత్త" అని కూడా చెప్పారు. పాత గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను.

కొలత మొదలైంది

ప్రయోగానికి మూడు పాత్రలు పెట్టాం. ఒకటి కొత్త మట్టికుండ. రెండోది కూడా అదే సైజు మట్టికుండ, కానీ దాని బయటంతా తలుపులకు వేసే రంగు పూశాను. మూడోది స్టీలు బిందె. మూడింటిలోనూ చెంబుతో కొలిచి ఒకే లెక్కన నీళ్లు పోశాం. మూతలు పెట్టాం. రోజూ ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, సాయంత్రం 5 గంటలకు వేడి ఎంతుందో చూసి రాయాలి.

ఉదయం, సాయంత్రం నేను చూస్తాను. మధ్యాహ్నం రెండింటికి నేను బడిలో ఉంటాను. ఎవరు చూడాలి?

"నేను చూస్తా. అంకెలు వచ్చు కదా!" అంది అమ్మ.

నాకు నమ్మకం కుదరలేదు. నిజం చెబుతున్నాను, మనసులో చిన్నచూపు కూడా ఉంది. అయినా వేరే దారి లేదు. గీతలు ఎట్లా లెక్కపెట్టాలో చూపించాను. అమ్మ నేర్చుకుంది. అమ్మకు ఒక రూళ్ల నోటుబుక్కు ఇచ్చాను.

రెండు రోజులు గడిచాయి. అమ్మ నా తప్పు ఒకటి పట్టుకుంది. నేను థర్మామీటరును నీళ్లలో ముంచి, బయటికి తీసి, వెలుతురులో పెట్టి చదివేదాన్ని. "పాపా, బయటికి తీస్తే ఎర్రగీత జరుగుతోంది. నీళ్లలో ఉన్నప్పుడే చూడాలి" అంది. పరీక్షించి చూశాను. నిజమే. బయటికి తీయగానే గాలి వేడి తగిలి గీత మారుతోంది. అప్పటి నుంచి గొట్టం కొన నీళ్లలో ఉండగానే, గీత ఆగేదాకా ఉండి, కంటికి ఎదురుగా పెట్టుకుని చదివాం.

ఇంకో తప్పు సారు పట్టుకున్నారు. మా స్టీలు బిందె పొయ్యికి దగ్గరగా ఉంది. కుండలు వసారాలో ఉన్నాయి. "పొయ్యి పక్కన ఉన్నది వేడెక్కదా? మూడూ ఒకేచోట ఉండాలి. పాత్ర ఒక్కటే తేడా. మిగతావన్నీ ఒకటిగా ఉండాలి" అన్నారు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ వెంటనే, "అవును. ఒకరి చింతపండు ఒక తక్కెడలో, ఇంకొకరిది వేరే తక్కెడలో తూచి ఎవరిది ఎక్కువో చెబితే ఒప్పుకుంటామా?" అంది. ఆ రెండు రోజుల లెక్కలు కొట్టేశాం. మూడు పాత్రలూ వసారా నీడలో, ఒకే వరుసలో పెట్టి మళ్లీ మొదలుపెట్టాం.

ఎండ బాగా కాసిన ఒక రోజు మధ్యాహ్నం 2 గంటలకు అమ్మ రాసిన లెక్క ఇది:

గాలి - 34 డిగ్రీలు
స్టీలు బిందె - 32 డిగ్రీలు
రంగు పూసిన కుండ - 31 డిగ్రీలు
మామూలు కుండ - 25 డిగ్రీలు

చూశారా? ఒకే నీళ్లు, ఒకే నీడ. బిందెకూ కుండకూ 7 డిగ్రీల తేడా. మట్టే చల్లదనం ఇస్తుందనుకుంటే, రంగు పూసిన కుండ కూడా మట్టిదే. మరి అదెందుకు చల్లబడలేదు?

కుండ ఎందుకు చల్లబడుతుంది?

కుండ గోడలో కంటికి కనపడని సన్నటి బొక్కలు ఉంటాయి. కుమ్మరి మట్టిని మలిచి ఆవంలో కాలుస్తాడు. కాలిన మట్టిలో ఆ సన్నటి సందులు మిగులుతాయి. వాటి గుండా నీరు మెల్లగా బయటికి ఊరుతుంది. అందుకే కొత్త కుండను ముట్టుకుంటే చెయ్యి చెమ్మగా అవుతుంది. ఆ చెమ్మ గాలికి ఆవిరై పోతుంది.

నీరు ఊరికే ఆవిరి కాదు. ఆవిరి కావాలంటే దానికి వేడి కావాలి. పొయ్యి మీద గిన్నెకు మంట వేడి ఇస్తుంది. కుండకు మంట లేదు కదా! అందుకని ఆ చెమ్మ కుండ గోడ నుంచి, లోపలి నీటి నుంచి వేడి లాక్కుంటుంది. వేడి పోతే లోపలి నీరు చల్లబడుతుంది. ఒక గ్లాసు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి ఎంతో తెలుసా? సుమారు 58 గ్లాసుల నీటిని 10 డిగ్రీలు చల్లార్చాలంటే ఎంత వేడి తీసేయాలో, అంత.

రంగు పూసిన కుండకు బొక్కలు మూసుకుపోయాయి. చెమ్మ బయటికి రాదు. చెమ్మ రాకపోతే ఆవిరి లేదు. ఆవిరి లేకపోతే చల్లదనం లేదు. స్టీలు బిందె సంగతీ అంతే.

మనకు చెమట పట్టినప్పుడు గాలి వీస్తే హాయిగా ఉంటుంది. కారణం ఇదే. జ్వరం వచ్చిన పిల్లల ఒంటిని తడిగుడ్డతో తుడిస్తే వేడి తగ్గేదీ ఇందుకే. ఇవన్నీ మనకు తెలిసిన పనులే. కారణం ఒక్కటే మనకు తెలియదు.

ఒక అంకె దగ్గర పేచీ

ఇక అసలు సంగతికి వస్తాను.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు ముసురు పట్టింది. పొద్దుట్నుంచి మబ్బు, సన్నటి తుంపర. ఆ సాయంత్రం అమ్మ నోటుబుక్కు చూశాను. మధ్యాహ్నం 2 గంటల లెక్క ఇట్లా ఉంది:

గాలి - 27
స్టీలు బిందె - 27
రంగు కుండ - 27
మామూలు కుండ - 26

నా గుండె జారిపోయింది. మిగతా అన్ని రోజులూ ఆరు, ఏడు డిగ్రీల తేడా. ఈ ఒక్క రోజు ఒక్క డిగ్రీ తేడా! "అమ్మా, సరిగ్గా చూశావా?" అని అడిగాను. "రెండుసార్లు చూశా" అంది. నేను నమ్మలేదు. అమ్మ గీతలు తప్పు లెక్కపెట్టి ఉంటుందనుకున్నాను.

ఆ రాత్రి చార్టు రాశాను. ఆ రోజు లెక్క దగ్గర ఆగాను. ఇది చూస్తే అందరూ నవ్వుతారు, నా ప్రయోగం తప్పు అంటారు అని భయం వేసింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. బిందెకు 32 అని, కుండకు 25 అని రాసేశాను.

అమ్మ అన్నం తిని వచ్చి చార్టు ముందు కూర్చుంది. వేలు పెట్టి ఒక్కొక్క గడి చదువుతోంది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ గడి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తన నోటుబుక్కు తెచ్చుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇది నేను రాసిన అంకె కాదే?" అంది.

నేను గొణిగాను. "అది తప్పుగా వచ్చిందమ్మా. అందుకే సరిచేశాను."

అమ్మకు కోపం వచ్చింది. అమ్మ అంత కోపంగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. "నువ్వు ఆ వేళకు ఇక్కడ ఉన్నావా? లేవు. కళ్లతో చూసింది నేను. చూసింది చూసినట్టు రాశాను. నేను వేలిముద్ర వేసే రోజుల్లో నా పేరు మీద ఎవరికి తోచిన అంకె వాళ్లు రాసుకున్నారు. పన్నెండు రోజులు పని చేస్తే పది అని రాశారు. నాకు చదవను రాదు, ఏం అడగను? ఇప్పుడు చదవను వచ్చింది. ఇప్పుడు నా కూతురే నా అంకె మారుస్తుందా?" అంది.

నాకు ఏడుపు వచ్చింది. "మరి ఎందుకట్లా వచ్చింది? ఎవరన్నా అడిగితే నేనేం చెప్పాలి?" అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. వసారాలో దండెం మీద ఆరేసిన చీర వైపు చూసింది. పొద్దున ఆరేసింది, ఇంకా తడిగానే ఉంది. అప్పుడు మెల్లగా అంది: "పాపా, ముసురు రోజు బట్టలు ఆరవు కదా! మరి కుండ మీద చెమ్మ మాత్రం ఎట్లా ఆరుతుంది?"

అక్కలారా, ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. చెమ్మ ఆరితేనే కుండ చల్లబడుతుంది. ముసురు రోజు గాలిలోనే తేమ నిండి ఉంది. అది ఇంకా తేమను తీసుకోదు. కాబట్టి చెమ్మ ఆవిరి కావడం తగ్గింది. కుండ చల్లబడటం కూడా తగ్గింది. నోటుబుక్కులో ఇంకో లెక్క కూడా ఉంది. రోజూ కుండలో నీరు ఎంత తగ్గిందో గ్లాసుతో కొలిచి, అంత మళ్లీ పోసేవాళ్లం. ఎండ రోజుల్లో నాలుగు గ్లాసుల దాకా తగ్గేది. ముసురు రోజు ఒక గ్లాసు కూడా తగ్గలేదు. అమ్మ చెప్పినదానికి అదే సాక్ష్యం.

నేను తప్పు అనుకున్న అంకె తప్పు కాదు. మిగతా రోజులన్నీ కుండ చల్లబడుతుంది అని చెప్పాయి. ఎందుకు చల్లబడుతుందో ఆ ఒక్క రోజే గట్టిగా చెప్పింది. నేను దాన్నే చెరిపేశాను!

మర్నాడు సారుకు జరిగిందంతా చెప్పాను. దాచలేదు. సారు తిట్టలేదు. "మీ అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. చూసింది మార్చి రాస్తే అది సైన్సు కాదు. కొత్త చార్టు రాసుకో" అన్నారు. కొత్త చార్టు రాశాను. ముసురు రోజు లెక్కను ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాశాను.

ప్రదర్శన రోజు

ప్రదర్శన బడి హాల్లో జరిగింది. నా పక్క బల్ల మీద బల్బులు వెలుగుతున్నాయి, మోటార్లు తిరుగుతున్నాయి. నా బల్ల మీద రెండు కుండలు, ఒక బిందె, ఒక నోటుబుక్కు. జనం ఎక్కువగా బల్బుల దగ్గరే నిలబడ్డారు.

పరీక్షించడానికి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చార్టు చూసి, "మధ్యాహ్నం రెండు గంటలకు నువ్వు బడిలో ఉంటావు కదా? ఈ లెక్కలు ఎక్కడివి?" అని అడిగారు. ఊహించి రాశానని ఆయన అనుమానం.

"మా అమ్మ చూసి రాసిందండీ" అన్నాను.

"మీ అమ్మ ఏం చదువుకుంది?"

"రాత్రి కేంద్రంలో చదువుకుంటోందండీ."

ఆయన అమ్మ నోటుబుక్కు తీసుకుని పేజీలు తిప్పారు. అంకెలు వంకరగా ఉన్నాయి. ఒక్కోచోట గడి దాటి పోయాయి. ఒక పేజీలో అంకెలు లేవు. "జొరం. చూడలేదు" అని రాసి ఉంది. ఆయన అక్కడ ఆగి, "ఇదేంటి?" అన్నారు. "ఆ రోజు అమ్మకు జ్వరమండీ. చూడలేదు కాబట్టి అంకె రాయలేదు" అన్నాను. ఆయన తల ఊపారు.

అంతలో అమ్మ పని ముగించుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రావడానికి మొహమాటపడుతోంది. నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆ పెద్దాయన థర్మామీటరును కుండలో పెట్టి, "ఎంతుందమ్మా?" అని అడిగారు.

అమ్మ వంగి చూసింది. గీత ఆగేదాకా ఉంది. హాలంతా మమ్మల్నే చూస్తున్నట్టు నాకు అనిపించింది.

"ఇరవై ఐదు దాటిందండీ. ఇరవై ఆరుకు రాలేదు" అంది.

ఆయన కూడా వంగి చూశారు. "సరిగ్గా చెప్పావమ్మా" అన్నారు. తర్వాత ముసురు రోజు లెక్క ఎందుకట్లా వచ్చిందో అడిగారు. నేను జవాబు చెప్పాను. "ఈ కారణం ముందు చెప్పింది మా అమ్మే" అని కూడా చెప్పాను.

మాకు మొదటి బహుమతి రాలేదు. మూడోది వచ్చింది. ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. దాని మీద నా పేరే ఉంది. ఇంటికి వచ్చాక వెనకవైపు అమ్మ చేత సంతకం పెట్టించుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. తర్వాత నేను టీచరు శిక్షణ పూర్తి చేశాను. ఇప్పుడు మీకు చదువు చెప్పడానికి వస్తున్నాను. దానికి ఆ నోటుబుక్కు కూడా ఒక కారణం.

మీరూ చేసి చూడండి

అమ్మలారా, ఈ కథ నుంచి నాలుగు మాటలు ఇంటికి తీసుకుపోండి.

ఒకటి. కుండకు రంగులు వేయించకండి. కుండ పాతదయ్యే కొద్దీ నీటిలోని ఉప్పులు పేరుకుని బొక్కలు మూసుకుపోతాయి. అప్పుడు నీరు అంత చల్లబడదు. అప్పుడప్పుడు కొబ్బరి పీచుతో బయటివైపు బాగా రుద్దండి. గాలి తగిలే నీడలో పెట్టండి.

రెండు. ఈ సూత్రంతోనే కూరగాయలు కూడా దాచుకోవచ్చు. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి తడపాలి. లోపలి కుండలో కూరగాయలు పెట్టి తడిగుడ్డ కప్పాలి. ఆఫ్రికాలోని నైజీరియా దేశంలో మహమ్మద్ బా అబ్బా అనే టీచరు 1990లలో ఈ పద్ధతిని పల్లెల్లో ప్రచారం చేశారు. ఆయన కుండలు చేసే కుటుంబంలో పుట్టారు. ఎండలు పొడిగా కాసే రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. ముసురు రోజుల్లో పనిచేయదు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మూడు. గాజు థర్మామీటరు వాడేటప్పుడు జాగ్రత్త. మాది ఎర్రగీత ఉన్నది. కొన్నింటిలో వెండిలా మెరిసేది ఉంటుంది. అది పాదరసం, విషం. పగిలితే చేత్తో తాకకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. మీ పిల్లలు ఏదైనా ప్రయోగం చేస్తుంటే పక్కన కూర్చోండి. ప్రశ్నలు అడగండి. మీకు అంకెలు వచ్చు. చూసింది చూసినట్టు రాయండి. చూడకపోతే చూడలేదని రాయండి. సంఘం పుస్తకమైనా, కూలి లెక్కయినా, రేషను కార్డయినా అంతే. మీరు రాయని అంకె అక్కడ కనిపిస్తే, మా అమ్మ అడిగినట్టు అడగండి: "ఇది నేను రాసిన అంకె కాదే?"

వచ్చే వారం మన కేంద్రంలో ఒక కుండ, ఒక బిందె పెడదాం. థర్మామీటరు నేను తెస్తాను. నోటుబుక్కులు మీరు తెచ్చుకోండి.

సెలవు.